నక్షత్రయ్య పారబోసిన నీళ్ళు

నా ఉద్యోగానికి ఇంకా ఏడాదిన్నర మిగిలి ఉండగా, ఒక మార్చి నెల రెండో వారంలో, తనకల్లు మండలంలో బోరు పాయింట్లు చూసి రమ్మని నాకు ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నా హోదా భూభౌతిక శాస్త్రవేత్త. అంటే నేలను తవ్వకుండా పైనుంచే కరెంటు పంపి, అడుగున రాయి గట్టిగా ఉందో, పగిలి ఉందో, ఆ పగుళ్ళలో నీళ్ళుండే వీలుందో లేదో చూసి, కాగితం మీద ‘సిఫారసు చేయవచ్చు’ అనో ‘సిఫారసు చేయలేము’ అనో రాసే మనిషిని. నీళ్ళు పడతాయి అని మాత్రం మేము రాయం, నోటితో కూడా అనం. అనంతపురం నేల మీద ముప్పై ఏళ్ళు పనిచేసిన ఎవరికీ అంత ధైర్యం మిగలదు.

దరఖాస్తుదారు పేరు రామాంజులు. నాలుగెకరాల మెట్ట, వేరుశనగ తప్ప మరొకటి పండదు. సొంతంగా వేయించిన మూడు బోర్లూ దుమ్ము కక్కాయి. ఇప్పుడు సర్కారు పథకం కింద ఒక బోరు వస్తోంది. ఒక రైతుకు ఒక్కటే, అది పోతే మళ్ళీ లేదు. ఇది కూడా పోతే మేకలు అమ్ముకొని బెంగుళూరు వెళ్ళి వాచ్‌మన్ పని చేసుకుంటానని అతను ముందే ఫోనులో చెప్పాడు. బెదిరింపుగా కాదు, బస్సు వేళలు చెప్పినంత మామూలుగా చెప్పాడు.

ఉదయం ఏడింటికి మా జీపు అతని చేను చేరేసరికి గట్టు మీద పదిహేను మంది దాకా నిలబడి ఉన్నారు. పొలం గట్టు తగాదా అనుకున్నాను. అలాంటివి ఉంటే కరెంటు తీగలు పరిచే పని సాగదు, ఎవరో ఒకరు తీగ మీద కూర్చుని న్యాయం అడుగుతారు. తీరా చూస్తే వాళ్ళు వచ్చింది నీళ్ళ కోసమూ కాదు, గట్టు కోసమూ కాదు. ఒక సినిమా గురించి తేల్చుకోవడానికి వచ్చారు.

సంగతేమిటంటే, నలభై ఏళ్ళు దాటిన ఈ మనుషులంతా చిన్నప్పుడు ఒక పిల్లల మాసపత్రికలో బొమ్మల కథ చదివారు. నక్షత్రయ్య అనే నావికుడు ఆకాశనౌకలో గ్రహాలన్నీ తిరుగుతాడు. ఆ కథను ఇప్పుడు పెద్ద సినిమాగా తీశారు. అందులో అతని పేరు నక్ష్. కదిరి థియేటర్లో పదిహేను రోజులుగా ఆడుతోంది, పదిహేను రోజులుగా వీళ్ళు కొట్టుకుంటున్నారు.

పుస్తకం పక్షానికి పెద్ద బాషా. కదిరిలో పంపుసెట్ల మోటార్లు రివైండింగ్ చేస్తాడు. ఆ కథ పేజీలన్నీ చింపి దాచుకుని, మోటారు చుట్టల మధ్య పెట్టే మందపు కాగితంతో అట్ట వేసి, దారంతో కుట్టుకున్నాడు. మొదటి పేజీ ఎప్పుడో ఊడిపోవడంతో రాసిందెవరో, బొమ్మలు వేసిందెవరో వీళ్ళెవరికీ తెలియదు. సినిమా పక్షానికి పెద్ద శ్రీనివాసులు. బస్టాండు దగ్గర జిరాక్సు షాపు అతనిది. రామాంజులుకు సొంత బామ్మర్ది.

గొడవంతా ఒక్క ఘట్టం మీద. నౌక చెడిపోయి నక్షత్రయ్య ఒక ఎండిన గ్రహం మీద దిగుతాడు. పుస్తకంలో అతను నాలుగు ఇనుప కడ్డీలు వరుసగా నేలలో కొట్టి, తీగలు తగిలించి, ఒక పెట్టెలో ముల్లు చూసి, ఆరు చోట్ల లేవు లేవు అని రాసుకుని, ఏడో చోట ఉన్నాయంటాడు. తొమ్మిది పేజీలు ఇదే. సినిమాలో నక్ష్ కళ్ళు మూసుకుని అరచెయ్యి నేల మీద ఆనిస్తాడు. నేల చీలి నీళ్ళు ఆకాశానికి ఎగురుతాయి, అందులో తడుస్తూ పాట.

“తొమ్మిది పేజీలు కడ్డీలు కొడతా కూర్చుంటే టికెట్టు కొన్నోడు లేచి పోతాడు మేడం. అయినా అట్లాంటి పెట్టె యాడుండాది? రాసినోడు ఊహించి రాసినాడు” అన్నాడు శ్రీనివాసులు.

“ఉండాది. మోటార్లు చేసేకి పోయిన ఊర్లలో నేను దూరం నుంచి చూసినా. దగ్గరికి పోనీలేదు అప్పుడు. మేడం, ఒక్కసారి పెట్టె తెరిస్తే ఈయప్ప నోరు మూతపడతాది” అన్నాడు బాషా.

సర్కారు పరికరాన్ని వినోదానికి తెరవకూడదు. కానీ పని చేయాలంటే ఎలాగూ తెరవాలి. తెరిచాను. నేల కరెంటును ఎంత అడ్డుకుంటుందో కొలిచే రెసిస్టివిటీ మీటరు, తీగ చుట్టిన నాలుగు రీళ్ళు, నాలుగు స్టీలు కడ్డీలు, రెండు సుత్తులు. బాషా పుస్తకం విప్పి ఒక్కొక్కటీ బొమ్మతో సరిచూసుకున్నాడు. స్టాకు తనిఖీకి వచ్చే ఆడిటర్లు కూడా మా పెట్టెను అంత శ్రద్ధగా చూడలేదు. ఒక బొమ్మలో నక్షత్రయ్య సుత్తితో తన బొటనవేలే కొట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. మా టెక్నీషియను మద్దిలేటి ఆ బొమ్మ చూసి, తన నల్లబడిన గోరు చూసుకుని, “ఇది వేసినోడు మనోడే” అన్నాడు. నాకూ అదే అనిపించింది. ఆ పేరు తెలియని మనిషి ఎప్పుడో ఎవరి వెంటో కడ్డీలు మోసి ఉంటాడు.

మొదటి చోటు రామాంజులే చూపించాడు. అక్కడ ఒక రాయి నాటి పసుపు కుంకుమ పెట్టి ఉంది. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడిచే ఒక పెద్దాయనకు ఆ చోట టెంకాయ నిటారుగా నిలబడిందట. నేను టెంకాయల మీద వాదించడం మానేసి చాలా ఏళ్ళయింది. మేము ఎక్కడ గుర్తు పెట్టినా, రిగ్గు వచ్చిన రోజున మా గుర్తు తనంతట తానే నడిచి టెంకాయ చోటికి పోతుంది. బోరు ఎండిపోయాక తిట్లు మాత్రం మాకే వస్తాయి.

మద్దిలేటి కడ్డీలు దిగ్గొట్టాడు. లోపలి రెండూ కొలవడానికి, బయటి రెండూ కరెంటు పంపడానికి. బయటివాటిని దూరం జరిపేకొద్దీ కరెంటు ఇంకా లోతుకు దిగుతుంది. తరవాత మామూలుగా క్యాను తీసుకుని ఒక్కో కడ్డీ మొదట్లో కాసిని నీళ్ళు పోశాడు. గట్టు మీదివాళ్ళంతా దిగివచ్చి కడ్డీల చుట్టూ మూగారు.

ఏం తప్పు చేశామో నాకు అర్థం కాలేదు. బాషా గబగబా పేజీలు తిప్పి ఒక బొమ్మ నా ముందు పెట్టాడు. నాలుక పిడచకట్టుకుపోయిన నక్షత్రయ్య, తన దగ్గర మిగిలిన చివరి సీసా నీళ్ళను నాలుగు కడ్డీల మొదట్లో పారబోస్తున్నాడు. పక్కన ఒక్క మాట కూడా రాయలేదు.

ఈ బొమ్మ మీద పదిహేను రోజులు కాదు, ముప్పై ఏళ్ళుగా తగవు ఉందని అప్పుడు తెలిసింది. దప్పికతో చచ్చేవాడు నీళ్ళు నేలపాలు చేస్తాడా, రాసినవాడికి బుర్ర లేదు, సినిమావాళ్ళు తీసేసి మంచి పని చేశారు అని శ్రీనివాసులు వాదన. ఆయన గంగమ్మకు అర్పించాడు, అందుకే ఏడో చోట ఆమె కనికరించింది అని బాషా వాదన.

నేను ఉన్న సంగతి చెప్పాను. ఎండిన మట్టిలో కరెంటు సరిగ్గా పారదు. కడ్డీ చుట్టూ తడిపితే పారుతుంది. నీళ్ళు పోయకపోతే ముల్లు అబద్ధం చెబుతుంది. ఇందులో గంగమ్మ లేదు, బుర్రలేనితనమూ లేదు.

బాషా ఆ బొమ్మను మళ్ళీ దగ్గరికి తీసుకుని చూశాడు. “ముప్పై ఏండ్లు ఆయప్పను భక్తుడనుకొంటి మేడం” అన్నాడు. “లెక్క ప్రకారం పోసినాడా! తాగితే ఒక పూట బతుకుతాడు, పోస్తే నీళ్ళు యాడుండేదీ తెలుస్తాది.” నాకు నవ్వు రాలేదు. నా పనిని అంత గొప్పగా ఎవరూ చెప్పగా నేను వినలేదు.

మొదటిసారి కొలుస్తుండగా రామాంజులు మేక ఒకటి తీగ తెంపేసింది. ముడివేసి మళ్ళీ మొదటినుంచి కొలిచాం. గ్రాఫు గీశాను. గీత పైకే పోతోంది, అంటే అడుగున అంతా ముక్కలు కాని రాయి. సిఫారసు చేయలేమన్నాను. రామాంజులు నా వైపు చూడలేదు, పసుపు రాయి వైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. గుర్తు నడవబోతోంది.

“ఏమప్పా రామాంజులూ, నక్షత్రయ్య ఆరు చోట్ల లేవన్నాడు. నువ్వు మొదటి చోటికే మొహం వేలాడేసుకుంటే ఎట్ల?” అన్నాడు బాషా.

శ్రీనివాసులు ఎదురు తిరుగుతాడనుకున్నాను. అతను నా చేతిలోని గ్రాఫు తీసుకుని, జిరాక్సు తీసేవాడి కళ్ళతో అటూ ఇటూ తిప్పి చూసి, నేరుగా వెళ్ళి పసుపు రాయిని పెరికాడు. “సినిమా సంగతి వేరు బావా. ఇది బోరు” అన్నాడు.

ముప్పై ఏళ్ళలో నేను ‘లేవు’ అంటే ఒక చేనులో ఎవరైనా నమ్మడం అదే మొదలు. అవగాహన సదస్సుల్లో రంగురంగుల పటాలు పెట్టి చెప్పినా కానిది, కుట్లు ఊడిన తొమ్మిది పేజీల వల్ల అయింది.

మధ్యాహ్నానికి మూడు చోట్లు పూర్తయ్యాయి. మూడూ లేవు. వాళ్ళు పెట్టిన రాగి సంగటి, వేరుశనగ ఊరిబిండి పచ్చడి తిని, మద్దిలేటిని సామాను సర్దమన్నాను.

“నాలుగోది యాడ మేడం?” అన్నాడు బాషా.

మూడు చోట్లు చూడటమే పద్ధతి అన్నాను.

“అట్లని యాడ రాసిండారు మేడం?”

ఎక్కడా రాసి లేదు. అది నా మోకాళ్ళు రాసుకున్న నియమం. మార్చి ఎండలో ఒక్కో చోటికి గంటకు పైగా పడుతుంది. మూడు చూస్తే ఫైలుకు సరిపోతుంది, పైవాళ్ళు అడగరు, రైతు ఎలాగూ తనకిష్టమైన చోటే వేసుకుంటాడు. ఇలా ఏళ్ళ తరబడి నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఏదో గట్టిగా జవాబు చెప్పబోతుండగా, రామాంజులు ఇంట్లోంచి బిందె మోసుకొచ్చాడు. వారానికి రెండుసార్లు ట్యాంకరు వచ్చే ఊరు అది. ఆ తాగే నీళ్ళ బిందెను, కడ్డీల మొదట్లో పోయడానికి, మా ఖాళీ క్యానులోకి వంపాడు. ఒక్క చుక్క కింద పడకుండా వంపాడు. నాకు సిగ్గేసింది. మీటరుకు నీడ పట్టే గొడుగు మళ్ళీ విప్పాను.

నాలుగు లేదు. ఐదు లేదు. పొద్దు వాలుతుండగా, మేకల దొడ్డి మూల, ఎవరూ చూడమని అడగని గులకరాళ్ళ దిబ్బ పక్కన కడ్డీలు దించాం. గీత పైకి పోతూ పోతూ ఒకచోట కిందికి వంగింది, అంటే ఆ లోతున రాయి పగిలి ఉండొచ్చు. దూరం మార్చి మళ్ళీ కొలిచాను, మళ్ళీ వంగింది.

గట్టు మీదివాళ్ళంతా, “పుస్తకంలో డైలాగు చెప్పండి మేడం” అన్నారు. ‘ఇక్కడ నీళ్ళున్నాయి’ అన్నది ఆ డైలాగు. ప్రాణం పోయినా చెప్పనన్నాను. “సిఫారసు చేయవచ్చు” అన్నాను. దానికే ఈలలు వేశారు.

అది ఆరో చోటా, ఏడో చోటా అన్న తగవు వెంటనే మొదలైంది. మేక తెంపిన కొలతను కలిపితే ఏడు, కలపకపోతే ఆరు. ఇప్పటికీ తేలలేదు.

వారం తరవాత రిగ్గు వచ్చింది. బోరు వేసేటప్పుడు నేను ఉండాల్సిన పని లేదు. అయినా క్యాజువల్ లీవు పెట్టి వెళ్ళాను. గుర్తు నాటిన చోటే ఉంది. శ్రీనివాసులు రాత్రంతా దాని పక్కనే మంచం వేసుకున్నాడట, బావ మీద అంతవరకే నమ్మకం. నూరడుగుల దాకా తెల్లటి దుమ్ము. రెండొందలకూ దుమ్మే. రామాంజులు రిగ్గు వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆపైన దుమ్ము బూడిదరంగుకు మారింది, తరవాత తడి పిండి, తరవాత బురద, ఆ తరవాత నీళ్ళు. రెండించీల ధార.

“ఇంతేనా? మనిషెత్తు కూడా ఎగరలేదే” అన్నాడు శ్రీనివాసులు. బాషా పుస్తకం తీసి చూసుకుని, “బొమ్మలో మోకాలెత్తే” అన్నాడు తృప్తిగా. సినిమాలో పాట మాత్రం బాగుందని బాషా ఒప్పుకోవాలనీ, ఒప్పుకుంటే పేరు మార్చడం తప్పని తానూ ఒప్పుకుంటాననీ శ్రీనివాసులు రాజీకి వచ్చాడు. రామాంజులు నాకు కృతజ్ఞతలేమీ చెప్పలేదు. చేతులనిండా బురదతో వచ్చి, “మీ క్యాను యాడ మేడం? నింపిస్తా” అన్నాడు. క్యాను ఆఫీసులో ఉందన్నాను. అతను నిజంగానే నొచ్చుకున్నాడు.

బాషా నీళ్ళు పోసే బొమ్మ ఉన్న పేజీ తెరిచి సంతకం అడిగాడు. గెజిటెడ్ అధికారులకు మాత్రమే అనుమతి ఉన్న ఆకుపచ్చ సిరాతో, ‘ఈ పుటలో చూపిన పద్ధతి సరైనదే’ అని రాసి, సంతకం, హోదా, తేదీ వేశాను. నిబంధనల ప్రకారం అది తప్పో ఒప్పో ఇప్పటికీ తెలియదు. శ్రీనివాసులు కూడా తన సినిమా టికెట్టు చాపాడు. చూడనిదాన్ని ధ్రువీకరించలేనన్నాను. తరవాత కదిరిలో చూశాను, పాట బాగానే ఉంది.

ఆ పైన రిటైరయ్యేదాకా ఏ చేనులోనైనా ఆరు చోట్లకు తక్కువ చూడలేదు. కొన్నిచోట్ల ఆరూ లేవు, లేవనే రాశాను. ఈ ఉదంతం నాకు నేర్పింది ఒక్కటే. లేవు అని చెప్పడం మా పనిలో సగం, ఇంకో చోట వెతకడం మిగతా సగం. ఆ మిగతా సగాన్ని నేను చాలాకాలం చేయలేదు. గోరంట్ల వైపు, కదిరి వైపు, మూడు చోట్ల తరవాత నేను పెట్టె మూసేసిన చేలు నాకు గుర్తున్నాయి. వాటిలో కొన్నిటికైనా నాలుగో చోటు ఉండే ఉంటుంది.