ఎవరూ తెరవని ఫైలు

2012లో నన్ను శ్రీకాకుళం జిల్లా కంప్యూటర్ కేంద్రానికి సాంకేతికాధికారిగా బదిలీ చేశారు. తీర గ్రామాల సేవా కేంద్రాలకు వాతావరణ హెచ్చరికలు చూపే వెబ్ సర్వర్ నా బాధ్యత. సర్వర్ ఎలా నడవాలో చెప్పే ఆదేశాలన్నీ ఉండేది కాన్ఫిగరేషన్ ఫైలులో. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఫైలు చాంతాడంత ఉంటుంది, చదివే ఓపిక ఎవరికీ లేదు. ఎక్కడో పనిచేస్తున్న ఫైలు తెచ్చి, పేరు మార్చి పెట్టేయడం మా శాఖ ఆచారం. మాది రాజాంలోని ఒక కళాశాల నుంచి వచ్చింది. నడుస్తున్నదాన్ని కెలకొద్దని మా పై అధికారి మొదటిరోజే హెచ్చరించారు.

ఆ అక్టోబరులో ఒక ఉదయం “చేపల వేటకు వెళ్లవద్దు” అని పేజీలో పెట్టాం. మధ్యాహ్నం తీరంలోని కేంద్రం ఆపరేటరు నూకరాజు ఫోన్ చేశాడు. పేజీలో ఉన్నది మైకులో చదివి ఊరికి వినిపించడం అతని పని.

“ఏటి సార్ ఇది? పేజీలో ఎల్లొచ్చనే ఉన్నాది, అదే సదివినాను. మా బావ పడవ ఎలిపోనాది. గాలి సూస్తే భయమేస్తన్నాది.”

నా తెర మీద హెచ్చరిక సరిగానే ఉంది. ఫైలు తెరిచాను. పేజీ నకలును ఒక రోజంతా దాచుకొమ్మని గ్రామాల కంప్యూటర్లకు చెప్పే ఆదేశపు వరుస కనిపించింది. నూకరాజు చదివింది నిన్నటి పేజీ. కళాశాల పేజీలు ఎప్పుడో గాని మారవు గనుక వాళ్లకది మేలే. మాకు అది యమపాశం. వరుస తీసేశాను గానీ, అప్పటికే దాచుకున్న నకలు గడువు తీరేదాకా పోదు. ఇక ఫోన్లే దిక్కు. ఒక్కో కేంద్రానికీ నోటితో చెప్పాం. వాళ్లు ఫోన్ చేయగా, సిగ్నల్ అందే దూరంలో ఉన్న పడవలు వెనక్కి వచ్చాయి. నూకరాజు బావ ఫోన్ మాత్రం పలకలేదు.

సాయంత్రం దాకా ఆ నంబరుకే మళ్లీ మళ్లీ ప్రయత్నించాను. అప్పుడు నూకరాజు ఫోన్ వచ్చింది.

“బావ వచ్చినాడు సార్. పడవ రానేదు. ఈదుకొచ్చినాడు.”

తర్వాత కొత్త డీఫాల్ట్ ఫైలు, అంటే ఎవరూ ఏమీ మార్చకపోతే నడిచేది, నేనే రాశాను, ఒక్క కాగితంలో పట్టేంత. దాంతో ఏ కంప్యూటరూ దేన్నీ దాచుకోదు. దాచుకోవడం కావాలంటే ఎవరైనా పనిగట్టుకుని ఒక వరుస చేర్చాలి. నెట్ నెమ్మదిస్తుందని పై అధికారి గొణిగారు. నెమ్మదించనివ్వండి అన్నాను.

నూకరాజు మళ్లీ పేజీని నమ్మలేదు. నేను రిటైరయ్యేదాకా నాకు ఫోన్ చేసి అడిగాకే ఊరికి చెప్పేవాడు. పేజీ చూసుకో అని నేనూ ఏనాడూ అనలేదు. డీఫాల్ట్ ఫైలును తెరిచి మార్చుకునేవాళ్లు అరుదు. దాన్ని ఎన్నడూ తెరవనివాడి ప్రాణం మీదికి రాకుండా రాయాలి.