పదకొండు నెలల కాంట్రాక్టరు

చరిత్రలో డాక్టరేటు చేసి, అర్థశాస్త్రంలో ఒక ప్రాజెక్టు, సమాజశాస్త్రంలో ఇంకొకటి చేశాను. గడువు తీరగానే శాఖ మీంచి శాఖకు దూకడంలో కోతికేం తీసిపోను. పేరు చివర పీహెచ్‌డీ అని తోక కూడా ఉంది. ఆ ఏడు ఉద్దానం కిడ్నీజబ్బు మీద పరిశోధనలో చోటు దొరికింది. పలాసలో వజ్రపుకొత్తూరు బస్సెక్కితే, పక్కసీట్లో పెద్దావిడ ఏం పనని అడిగింది.

“కాంట్రాక్టు ఉద్యోగమమ్మా.”

“ఓలమ్మ, కంట్రాక్టరువా! మా ఊరికి నీల్ల పైపులెప్పుడేత్తావు బాబూ?”

కాదమ్మా, యూనివర్సిటీ పని, జబ్బు గురించి, పదకొండు నెలలేనని చెప్పాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

“మా ఆయన రగతం మూడుసార్లు అట్టుకెలిపోనారు. ఏటి తేలిందో సెప్పడానికి ఒక్కడూ రానేదు. నువ్వూ పదకొండు నెల్లకి ఎలిపోతావు. మరి జబ్బుకి సెప్పినావేటి, ఎలిపోమని?”

ఆవిడ మధ్యలో దిగిపోయింది.

గడువు ముగిసే ముందు, ఫలితాలు ఊళ్లలో చెప్పడం మన పని కాదనీ, చెబితే పొడిగింపు మాట మరిచిపొమ్మనీ మా ప్రొఫెసరు గారన్నారు. మరిచిపోయాను. ఆవిడది ఏ ఊరో అడగలేదు కనక, అన్ని ఊళ్లకూ వెళ్లి చెప్పాల్సి వచ్చింది.