చెయ్యి ఆనిన చోటే షడ్జం

మా అక్కకు పుట్టుకతోనే చూపు లేదు. వ్యాసర్పాడిలో, చూపులేని ఆడపిల్లల హాస్టల్లో రోజూ సాయంత్రం ఒక గంట సంగీతం చెబుతుంది. అక్కడున్నది ఒకే హార్మోనియం. ఒకరు వాయిస్తుంటే మిగతావాళ్లు తమ వంతు కోసం ఖాళీగా కూర్చోవాలి. ఈ గంటను ఇంగ్లీషు క్లాసుకు ఇచ్చేద్దామని వార్డెనమ్మ అనసాగింది. నెలాఖరు దాకా చూస్తానంది.

పిల్లలందరి దగ్గరా ఫోన్లున్నాయి. ఫోనే హార్మోనియం అయితే బాగుండునని నాకు తోచింది. నేను పురసవాక్కంలో ఒక బట్టల కొట్టుకు లెక్కలు చూస్తాను. ప్రోగ్రాములు రాయడం వీడియోలు చూసి నేర్చుకున్నాను. దొరికే యాప్‌లు వీళ్లకు పనికిరాలేదు. తెర మీది హార్మోనియం మెట్టు తాకగానే, చూపులేనివాళ్ల కోసం ఫోన్లో ఉండే, తెర చదివే గొంతు ముందు దాని పేరు చెబుతుంది. మళ్లీ రెండుసార్లు తడితేగానీ స్వరం పలకదు.

నా యాప్‌లో, వాయించేంతసేపూ ఆ గొంతు నోరు మూయించాను. తెరను ఎనిమిది సమాన భాగాలు చేసి, దశాంశాల దాకా సరిచూశాను. పిల్లల వేళ్లు మాత్రం 'గ' మీద పడబోయి 'మ' మీద పడ్డాయి. నున్నటి గాజు మీద వేలికి ఏ ఆనవాలూ దొరకదు కదా. హద్దుల మీద స్టిక్కర్ బొట్లు అంటించాను.

"ఏం సార్, ఫోనుకి పెండ్లా?" అంది ఒక పిల్ల, బొట్లు తడుముతూ. తడిమిన చోటల్లా స్వరం మోగింది. క్లాసంతా నవ్వింది.

ఇంటికొచ్చి మళ్లీ కొలతబద్ద తీస్తుంటే, ఆ చప్పుడు విని అక్క అడిగింది.

"రేయ్, పాడేవాళ్లు శ్రుతి ఎట్ల పెట్టుకుంటారు?"

"వాళ్ల గొంతుకు తగ్గట్టు."

"ఆ! గొంతుకి ఏడ కుదిరితే ఆడ 'స'. మరి నా చెయ్యి మాత్రం నీ గీతల కాడికి ఎందుకు రావల్ల? నేను చెయ్యి పెట్టిన చోటే 'స' అనుకోమను."

"ఫోనుకు ఎట్ల తెలుస్తాదక్కా?"

"అది నీ పని. చుమ్మా ఊరికే కొలుస్తా కూచోవద్దు."

కొత్త దాంట్లో మెట్లే లేవు. బొటనవేళ్లు వదిలి, రెండు చేతుల ఎనిమిది వేళ్లూ ఒక్కసారి ఆనించాలి. ఎడమ చిటికెన వేలు కింది 'స', కుడి చిటికెన వేలు పై 'స'. ఆ తర్వాత తెర మీద వేలు ఎక్కడ పడినా, ఏ స్వరానికి దగ్గరో యాప్ లెక్కగట్టి దాన్నే పలికిస్తుంది. చెయ్యి జరిగితే మళ్లీ అన్ని వేళ్లూ ఆనిస్తే సరి. మొదటి పాఠాలైన సరళీవరసలకు ఈ ఎనిమిదీ చాలు.

నెలాఖరున వార్డెనమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. పిల్లలు బల్లల మీద ఫోన్లు అడ్డంగా పెట్టుకున్నారు. చిన్నవి, పెద్దవి, అద్దం పగిలినవి. అక్క తాళం వేసింది. మొదటి కాలం అందరిదీ ఒక్క స్వరంలా సాగింది. వేగం రెట్టింపయ్యే రెండో కాలమూ అంతే. మూడో కాలంలో ఒక పిల్ల చెయ్యి జారింది. ఆ పిల్ల తాళం మధ్య వేళ్లన్నీ ఆనించి, మరుక్షణం వరుసలో కలిసిపోయింది.

"ఇంగ్లీషుకి వేరే టైం చూస్తాను టీచర్. ఈ గంట మీదే," అంది వార్డెనమ్మ.

అక్క తలూపింది, తాళం మాత్రం ఆపలేదు. పిల్లలు ఆ మాట వినిపించుకోలేదు. అప్పటికే రెండో వరస ఎత్తుకున్నారు.