సిప్పిఘాట్‌లో బొగ్గు కలిపిన మన్ను

ఈ దీవికి వచ్చి, గరాచర్మలో ఇంటి కోసం కొండవాలు తొలిచాక మాకు మిగిలింది పసుపుపచ్చని జిగట మన్ను. వరుసగా రెండు వానాకాలాలు బెండ విత్తాను. మొక్కలు జానెడు ఎదగకుండానే వాడిపోయాయి. రోడ్డు పక్క కూరగాయలమ్మే అప్పలమ్మతో చెబితే, "మా తోటకి రా దీదీ, సూపిస్తాను" అంది.

ఆదివారం పొద్దున్నే వండూర్ బస్సెక్కాను. టికెట్ ఇరవై రూపాయల లోపే, సిప్పిఘాట్‌కు పావుగంట. అక్కడ దిగుతానంటే, "బీచ్ ఆగే హై, దీదీ," బీచ్ ఇంకా ముందుందన్నాడు డ్రైవర్. తోట చూడటానికొచ్చానంటే నవ్వి, మలుపు దగ్గర ఆపాడు.

అప్పలమ్మది శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. భర్త గురయ్య చేపల వేటకు వెళ్తాడు. సునామీకి ఉప్పునీరు వాళ్ల తోటను ముంచేసింది. నీరు తీశాక కూడా నాటిన ప్రతి మొక్కా ఆకుల అంచులు మాడి చచ్చిపోయేదట. ఇక భూమి వదిలేసి ఊరికి ఓడెక్కుదామని గురయ్య పట్టుబట్టాడు.

"సామాను కట్టీసినాం కూడా. బస్, ఏక్ బారిష్ రుకో, ఒక్క వాన ఆగి సూద్దాం అన్నాను," అంది అప్పలమ్మ, బొగ్గు కోసం గోతిలో కొబ్బరి చిప్పలు పేర్చి నిప్పంటిస్తూ.

గట్లు వేసి, వాననీళ్లు నిలబెట్టి వదిలితే ఉప్పు కొంత కొట్టుకుపోయింది. తర్వాత పేడ, ఆకులు, చేపల వ్యర్థాలు మాగబెట్టిన ఎరువులో బొగ్గు కలిపి ఒకే ఒక్క మడి తయారుచేసింది. అందులో వంగ పూసింది.

"మరి భయ్యా ఏమన్నాడు?"

"పువ్వు సూసి ఎల్లి మూట ఇప్పీసినాడు."

ఇంతలో చిప్పలు ఎర్రగా కణకణలాడాయి. నేను చూస్తూ నిలబడిపోయాను. "అరే దీదీ, పానీ డాలో! బూడిదైపోద్ది!" అని ఆమె కేకేస్తే, ఇద్దరం కలిసి బిందెలతో నీళ్లు కుమ్మరించాం.

మధ్యాహ్నం గురయ్య జెట్టీ నుంచి చేప తలలు తెచ్చి ఎరువు గుంటలో వేశాడు. వంగకాయ, చేపల పులుసుతో కడుపునిండా పెట్టారు. వచ్చేటప్పుడు ఎరువు కలిపిన బొగ్గు ఒక గోనెడు ఆయనే బస్సుదాకా మోసుకొచ్చాడు.

"ఈ మన్ను ఒదిలీసి పోదామన్నది నానే దీదీ. ఇప్పుడు ఎవులికైనా ఇత్తంటే బాగుంటాది," అన్నాడు.

ఈ వానాకాలం మా పెరట్లో బెండ కాస్తోంది. కోసిన ప్రతిసారీ ఆ ఇద్దరినీ తలుచుకుంటాను. సముద్రం దాటి వచ్చిన మాలాంటి వాళ్లకు ఈ దీవుల్లో ఇల్లు దొరకడం ఒక ఎత్తు, వేళ్లూనుకోవడం ఇంకో ఎత్తు. ఒక్క వాన ఆగి చూద్దామన్న ఆమె ఓపిక నాక్కూడా పంట ఇచ్చింది.

మీరూ చేయాలనుకుంటే ఒక్క మాట: పచ్చి బొగ్గును నేరుగా మట్టిలో కలపకండి, కొన్ని వారాలు ఎరువులో నాననివ్వండి. అప్పలమ్మ చెప్పినట్టు, "బొగ్గుకి ఆకలెక్కువ దీదీ. ముందు దానికెట్టు. నేకపోతే మొక్క కూడు అదే తినేత్తాది."