వెళ్లొస్తానన్న పాపం

బెంటన్‌విల్‌లో మా ఎదురింటి ముసలావిడకి ఎనభై దాటాయి. మతిమరుపు జబ్బు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. ఆవిడని చూసుకోవడానికి కూతురు ఉద్యోగం మానేసి వచ్చి ఉంటోంది. ఒక శనివారం ఆ కూతురు మా తలుపు తట్టి, డీవీడీ ప్లేయర్ పనిచేయడం లేదు, కాస్త చూస్తారా అని అడిగింది. సాఫ్ట్‌వేర్ వాడంటే కరెంటుతో నడిచే ప్రతిదీ బాగుచేస్తాడని ఇక్కడ కూడా అనుకుంటారు. నేను చేసిందల్లా ఊడిపోయిన వైరు మళ్లీ పెట్టడమే.

అందులో ఉన్నది యుద్ధకాలం నాటి నలుపు తెలుపు సినిమా. సైన్యంలో వంటవాణ్ణి చూసి ఆఫీసరనుకుని ఒక పిల్ల ప్రేమిస్తుంది. నిజం చెప్పే ధైర్యం లేక వాడు ఎవరిదో యూనిఫాం వేసుకుని తిరుగుతుంటాడు. బంగాళదుంపలు చెక్కుతూ ఒక పాట, రైల్వే స్టేషన్లో ఒక పాట. మన పాత సినిమాల్లోలాగే కష్టమొచ్చినా పాటే, సుఖమొచ్చినా పాటే. ఆవిడ నన్ను పక్కన కూర్చోమంది. కూతురి పేరే ఒక్కోసారి తడుముకునే మనిషికి ఆ పాటలన్నీ నోటికొచ్చు.

సినిమా అయ్యాక లేచి, అలవాటుకొద్దీ "ఐ విల్ గో అండ్ కమ్" అన్నాను. మనం వెళ్తున్నాననం కదా, వెళ్లొస్తాననే అంటాం. పన్నెండేళ్లుగా ఇంగ్లీషులో బతుకుతున్నా ఆ ఒక్క మాట నాకు తెలుగులోంచే వస్తుంది. ఆవిడ సరేనని తలూపింది.

మర్నాడు కూతురు మళ్లీ వచ్చింది. "మీరు వస్తానన్నారట. అమ్మ చీకటిపడేదాకా కిటికీ దగ్గరే కూర్చుంది. మీరు వచ్చాకే తింటానని ప్లేటు ముట్టలేదు" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. మా భాషలో అది సెలవు తీసుకునే పద్ధతని, అలా అనకపోతే అపశకునంగా ఉంటుందని వివరించాను. అయినా ఏదీ గుర్తుండని ఆవిడకి ఆ మాట ఎలా నిలిచిందని అడిగాను.

"ఆ సినిమాకి అమ్మని చిన్నప్పుడు తీసుకెళ్లింది వాళ్ల నాన్న. సైన్యంలోంచి సెలవు మీద వచ్చాడట. మర్నాడు తిరిగి యుద్ధానికి వెళ్తూ, వస్తానని చెప్పాడు. అమ్మ దగ్గర దయచేసి గుడ్‌బై అని మాత్రమే అనండి" అంది.

ఆయన వచ్చాడా అని నేను అడగలేదు.

ఆ తర్వాత ప్రతి శనివారం వెళ్లి ఆవిడతో అదే సినిమా చూశాను. చివర్లో వంటవాడు యుద్ధం నుంచి తిరిగొచ్చి అందరితో కలిసి ఆడిపాడతాడు. వాడు రైలు దిగగానే ఆవిడ నా మోచెయ్యి గిల్లి, "చూశావా, వచ్చాడు" అనేది. ప్రతిసారీ కొత్తే. నేను మాత్రం లేచే ముందు గుడ్‌బై అని నోట్లోనే బట్టీపట్టేవాణ్ణి. నాలుగు వారాలు సరిగ్గానే అన్నాను. అయిదో వారం పరాకున పాత మాటే దొర్లింది. కూతురు ఫోన్ చేస్తే సాయంత్రం మళ్లీ వెళ్లి, పక్కన కూర్చుని సూప్ తాగించి వచ్చాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

ఇంతలో నా ప్రాజెక్ట్ అయిపోయింది. ఎడిసన్‌లో ఇంకో కాంట్రాక్ట్ దొరికింది. వీసా మీద బతికేవాడికి ఊరు ఎంచుకునే భాగ్యమెక్కడిది. సామాను ట్రక్కెక్కించిన రోజు పొద్దున మా ఆవిడ నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"ఈసారైనా క్లియర్‌గా చెప్పి రండి. పాపం, ఆవిడ మీకోసం వెయిట్ చేస్తూ కూర్చుంటారు."

"పోతున్నా, ఇంక రాను అని ఎలా అంటానే? నోరు రాదు."

"ఇంగ్లీష్‌లోనే కదండీ అనేది. అనేయండి."

వెళ్లాను. ఆవిడ కుర్చీ ముందు నేల మీద కూర్చుని, వేరే ఊరికి మారిపోతున్నాం, ఇక రాను, గుడ్‌బై అని ఒక్కో మాటా విడదీసి చెప్పాను. ఆవిడకి అర్థమైంది. నా చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. కూతురు నాకు కాఫీ తెచ్చింది. అది తాగేలోపే ఆవిడ కళ్లు తుడుచుకుని, ఇవాళ శనివారమేనా, సినిమా పెట్టవా అని అడిగింది.

మళ్లీ చెప్పాను. అప్పుడే మొదటిసారి విన్నట్టు విని, మళ్లీ అలాగే ఏడ్చింది. కూతురు వంటగదిలోకి వెళ్లిపోయింది. నేను చెప్పింది ఆవిడలో నిలవడం లేదు, చెప్పిన ప్రతిసారీ దెబ్బ మాత్రం తగులుతోంది. బయట మా ఆవిడ హారన్ కొట్టింది. నేను లేచేసరికి ముసలావిడ తడి ఆరని మొహంతోనే నవ్వి, ఎక్కడికి బయల్దేరావని అడిగింది.

మూడోసారి ఏడిపించడం నా వల్ల కాలేదు. తప్పని తెలుసు. వెళ్లొస్తాననే చెప్పాను.

ఆవిడ మొహం తేటపడింది. "త్వరగా రా" అంది. నేను కార్లో కూర్చుని బెల్టు పెట్టుకునేసరికి, ఎదురింటి కిటికీ దగ్గరికి కూతురు కుర్చీ జరుపుతోంది.