పరుపు మీద పులి

కంప్యూటర్‌లో పుట్టిన జంతువులను సినిమా దృశ్యాల్లో కలపడం ఆమె పని. ఎవరింటికెళ్లినా వాళ్లు కూర్చుంటే కుర్చీ ఎంత కుంగిందో, చెయ్యి తగిలిన పరదా ఎంతసేపు ఊగిందో చూస్తూ ఉంటుంది. ఆ వారం చేస్తున్న సీన్లో ఒక పులి పరుపు మీద పడుకుని, లేచి వెళ్లాలి. "పులిని అతికించినట్టుంది. కుదరకపోతే సీనే తీసేద్దాం," అన్నాడు దర్శకుడు. దిగులుగా ఇంటికొచ్చి, కునుకు తీస్తున్న అత్తగారిని తట్టింది. "అత్తయ్యా, ఒక్కసారి లేచి పక్కకు రండి." "నిద్ర చెడగొట్టడానికి నేనే దొరికానా తల్లీ?" అంటూనే ఆవిడ లేచింది. కోడలు మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. పరుపులో గుంట మెల్లగా పూడింది. దుప్పటి ముడతలు మాత్రం అలాగే ఉండిపోయాయి. మర్నాడు సీన్లో పులి లేచి వెళ్లాక, ముడతలతో ఖాళీ పరుపును ఆమె కాసేపు అలాగే ఉంచింది. దర్శకుడు తెర వైపు వంగి, "ఎటు పోయిందది?" అన్నాడు.