మీటర్‌నే చెక్ చేసిన మా రజియా

నిన్న పొద్దున హనుమకొండలో ఆటోలో ఉండగా రజియా కొడుకు ఫోన్.

"ఆంటీ, అమ్మీ ఇగ లేదు."

దిగాల్సిన చోటు దాటిపోయింది. నేను అలాగే కూర్చున్నాను.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

కరెంటు ఆఫీసు టెస్టింగ్ వింగ్‌లో మేమిద్దరం ఇంజినీర్లం. ఒకే జీపు, ఒకే టిఫిన్ డబ్బా. మహా మొండి మనిషి. మొన్న దవాఖానలో బీపీ చూస్తుంటే కూడా "సిస్టర్, ఈ మిషన్ ఎప్పుడు చెక్ చేపిచ్చిండ్రు?" అని అడిగింది. నర్సు నా మొహం చూసింది.

ఒక్క సంగతి మాత్రం అందరికీ తెలియాలి.

ఒకసారి మరిపెడ వైపు ఒక సబ్‌స్టేషన్‌కి వెళ్లాం. మిర్చి కాత మీదుంది, రైతుల మోటర్లు వరసగా కాలిపోతున్నాయి. కంట్రోల్ రూమ్ మీటర్‌లో చూస్తే వోల్టేజ్ ఫుల్. మాకంటే ముందు వచ్చిన మా ఆఫీసువాళ్లంతా అది చూసి, మీకే మోటర్ నడపడం రాదని చెప్పి పోయారట.

ఒక పెద్దాయన అన్నాడు, "మీ మీటర్ల ఉన్న కరెంటు మా బాయికాడికి వస్తలేదు బిడ్డా."

డ్రైవర్ జీపు స్టార్ట్ చేశాడు. రజియా ఎక్కలేదు.

పదకొండు వేల వోల్టులకు మీటర్ నేరుగా తగిలించలేం. మధ్యలో పీటీ అనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఆ వోల్టేజ్‌ని తగ్గించి మీటర్‌కి ఇస్తుంది. అది తప్పయితే మీటరూ తప్పే. లైన్ ఆఫ్ చేయించి, మా టెస్టెడ్ పీటీని పక్కన కట్టించి, మళ్లీ ఆన్ చేయించింది.

దొరికింది. సబ్‌స్టేషన్ పీటీ ఎక్కువ చూపిస్తోంది. అసలు వోల్టేజ్ చాలా తక్కువ, మోటర్లు ఎక్కువ కరెంటు లాగి కాలేది అందుకే.

మా సార్ ఫోన్‌లో, "మెల్లగ పీటీ మార్చేద్దాం. రైతులకు చెప్తే లొల్లి అయితది" అన్నారు.

"చెప్పకపోతే వాళ్లు మల్ల మోటర్లే మారుస్తరు సార్. మిర్చి ఎండిపోతది" అని ఫోన్ పెట్టేసింది.

బయటికొచ్చి అంతమంది ముందు నిలబడి చెప్పింది. "మీరు మోటర్లు మంచిగనే నడిపిండ్రు. తప్పు మా దగ్గరుంది."

లొల్లి కాలేదు. ఆ పెద్దాయన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"మోటర్ నడుపుడు రాదని మా ఇంటోళ్లు గూడ నన్నే అన్నరు బిడ్డా. జర ఆ మాట మా ఇంటికొచ్చి చెప్పు."

వెళ్లి చెప్పింది. వాళ్ల వాకిట్లో నిలబడి, ఆయన భార్యకు, కొడుకులకు.

ఆ రోజు నీ పక్కన నేనున్నాను రజియా. ఎవరడిగినా గర్వంగా చెప్పుకుంటాను.

నిన్న సాయంత్రం అసర్ నమాజ్ తర్వాత ఖబరస్తాన్‌కి తీసుకెళ్లారు.

పోయిరా దోస్త్. ఏ ఫికర్ లేకుండా పడుకో. ఆ అల్లా నీకు చల్లని చోటివ్వాలి.